ఉద్యోగం చేస్తూ డాక్టరేటు: వంతెనల స్టైన్‌మన్ కథ

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమని సంఘం మిత్రులు అడిగినప్పుడు, ఉద్యోగం చేస్తూ పిహెచ్.డి. ఎలా పూర్తి చేశానో రాస్తే బాగుంటుందన్నారు. స్ట్రక్చరల్ ఇంజనీరుగా పగలంతా ఆఫీసులో డ్రాయింగులు, రాత్రి ఇంట్లో థీసిస్, ఆదివారం లైబ్రరీ. ఏడేళ్లు అలా గడిచాయి. అందులో సంచికలో అచ్చువేసుకోదగ్గంత కథేమీ లేదు. ఉన్న గొప్పతనమల్లా మా ఇంటివాళ్ల ఓపికదే.

అయితే ఆ రోజుల్లో జూనియర్లు నన్ను తరచుగా ఒక ప్రశ్న అడిగేవారు. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, నలభై దాటాక ఈ డాక్టరేటు దేనికని. ప్రమోషన్ కోసమా, పేరు ముందు రెండు అక్షరాల కోసమా అని. వాళ్లకు ఒక్క మాటలో జవాబు చెప్పలేక, నాకంటే నూరేళ్ల ముందు ఈ దారిన నడిచిన ఒక పెద్దాయన కథ చెప్పేవాణ్ణి. ఆయన పేరు డేవిడ్ స్టైన్‌మన్. అమెరికాలో, ఇతర దేశాల్లో పేరుమోసిన వంతెనలు కట్టిన ఇంజనీరు. ఇంజనీర్లు కాని మన బడి మిత్రులకు ఆ పేరు కొత్త కావచ్చు. అందుకే ఈ నాలుగు పేజీలూ ఆయనకే ఇస్తున్నాను.

స్టైన్‌మన్ 1886లో పుట్టాడు. తూర్పు ఐరోపా నుంచి వలస వచ్చిన పేద యూదు కుటుంబం. తండ్రి కార్మికుడు, ఇంటినిండా పిల్లలు. న్యూయార్కులో మన్‌హాటన్ దక్షిణపు కొసన, ఇరుకు ఇళ్ల వాడలో పెరిగాడు. ఆ వాడ నుంచి తలెత్తి చూస్తే బ్రూక్లిన్ వంతెన కనిపిస్తుంది. 1883లో తెరిచిన ఆ వంతెన అప్పటికి ప్రపంచంలోకెల్లా పొడవైన వేలాడే వంతెన. రెండు రాతి గోపురాల మధ్య దూరం దాదాపు 1,600 అడుగులు. ఆ నీడలోనే పిల్లవాడు న్యూస్‌పేపర్లు అమ్మాడు. అతనికి పదేళ్లు వచ్చేసరికి అదే నది మీద కాస్త ఎగువన విలియమ్స్‌బర్గ్ వంతెన పని మొదలైంది. అది పూర్తయ్యేసరికి అతనికి పదిహేడేళ్లు. అంటే గోపురాలు లేవడం, తీగలు లాగడం, దారి వేలాడదీయడం అన్నీ కళ్లముందే జరిగాయి. గోదావరి గట్టున పెరిగిన పిల్లలకు బ్రిడ్జి అంటే ఉండే మమకారం లాంటిదే అతనిదీ. తేడా ఏమిటంటే అతను దాన్ని పెద్దయ్యాక కూడా వదల్లేదు.

ఫీజు కట్టే స్తోమత ఇంట్లో లేదు. న్యూయార్కు సిటీ కాలేజీలో ఆ రోజుల్లో ఫీజు లేదు. అక్కడ చదివి 1906లో అత్యున్నత శ్రేణిలో పట్టా తీసుకున్నాడు. తర్వాత కొలంబియా యూనివర్సిటీలో చేరాడు. అది ఉచితం కాదు. స్కాలర్‌షిప్పులు తెచ్చుకుంటూ, సాయంత్రాలు పాఠాలు చెప్పి సంపాదించుకుంటూ ఇంజనీరింగు చదివాడు. పగలు విద్యార్థి, రాత్రి మాస్టారు. అక్కడ ఒక ప్రాజెక్టుకు అతను తీసుకున్న విషయం చిత్రమైనది. మన్‌హాటన్ ఉత్తరపు కొసన హార్లెం నది మీద హెన్రీ హడ్సన్ పేరిట ఒక వంతెన కట్టాలని నగరంలో అప్పుడు చర్చ జరుగుతోంది. దాన్ని ఉక్కు కమానుగా ఎలా కట్టవచ్చో కుర్రాడు పూర్తిగా డిజైను చేసి ఇచ్చాడు. మార్కులొచ్చాయి, కాగితాలు బీరువాలోకి వెళ్లాయి. ఈ కాగితాల సంగతి గుర్తుంచుకోండి. మళ్లీ వస్తుంది.

అతను కొలంబియాలో ఉండగానే, 1907 ఆగస్టులో, కెనడాలో కడుతున్న క్విబెక్ వంతెన కూలి 75 మంది పనివాళ్లు చనిపోయారు. అది వేలాడే వంతెన కాదు, కాంటిలీవర్ వంతెన. రెండు ఒడ్డుల నుంచీ ఉక్కు చేతులు చాచినట్టుగా కట్టుకుంటూ వచ్చి మధ్యలో కలిపే పద్ధతి. పెద్ద నదులకు ఏ పద్ధతి మేలు, ఎంత దూరం వరకు దేన్ని నమ్మవచ్చు అన్నది ఆ రోజుల్లో ప్రాణాలతో ముడిపడిన ప్రశ్న. స్టైన్‌మన్ డాక్టరేటుకు తీసుకున్నది సరిగ్గా ఈ ప్రశ్నే.

1910లో అతనికి ఐడహో యూనివర్సిటీలో ఉద్యోగం వచ్చింది. అమెరికా పడమటి వైపు, గోధుమ పొలాల గుట్టల మధ్య మాస్కో అనే చిన్న ఊరు. న్యూయార్కు నుంచి అక్కడికి చేరాలంటే రైల్లో రోజుల తరబడి ప్రయాణం. వయసు ఇరవై నాలుగు, కొలువు సివిల్ ఇంజనీరింగు ప్రొఫెసరుగా. పాఠాలు చెప్పాలి, పేపర్లు దిద్దాలి, సర్వేకు పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఆ ఉద్యోగంలో ఉండగానే 1911లో కొలంబియా నుంచి డాక్టరేటు తీసుకున్నాడు. గైడు ఒక సముద్రం ఒడ్డున, విద్యార్థి దాదాపు మరో సముద్రం దగ్గర. ఫోటోస్టాట్ లేదు, కాలిక్యులేటర్ లేదు. స్లైడ్ రూలు, లాగ్ పట్టికలు, పోస్టు. మా గైడుగారు పక్క వీధిలోనే ఉన్నా నేను ఆయన్ని నెలకొకసారి కలవడానికి తంటాలు పడేవాణ్ణి. ఆ సంగతి తల్చుకున్నప్పుడల్లా నోరు మూసుకుని పనిచేసుకునేవాణ్ణి.

థీసిస్ విషయం వేలాడే వంతెనలు, కాంటిలీవర్ వంతెనలు, వాటి ఆర్థికమైన కొలతలు, అవి చేరుకోగల గరిష్ఠ దూరం. అదే ఏడాది చిన్న పుస్తకంగా వచ్చింది. ఇంజనీర్లు కానివారి కోసం దాన్ని ఇలా చెబుతాను. పెరట్లో బట్టలారేసే దండెం తీగ చూడండి. రెండు గుంజల మధ్య తక్కువ దూరమైతే ఎన్ని బట్టలైనా మోస్తుంది. గుంజల్ని దూరం జరిపేకొద్దీ బట్టల బరువుకు తోడు తీగ తన బరువును తానే ఎక్కువెక్కువ మోసుకోవాలి. ఒక దూరం దాటాక తీగకున్న బలమంతా తనను తాను మోసుకోవడానికే చాలదు, ఇక రుమాలు కూడా వేయలేం. ఆ దూరం ఎంత? అంతకంటే ముందే, ఎంత దూరం దాటాక కాంటిలీవర్ కన్నా వేలాడే వంతెన చవక? ఇదీ ఆయన లెక్క. ఒక వంతెన కోసం చేసిన లెక్క కాదు, ఇంకా ఎవరూ కట్టని వంతెనల కోసం చేసిన లెక్క.

ఆ థీసిస్ పూర్తవడంతో అతని చదువు ఆగలేదు. ఐడహోలో ఉండగానే జోసెఫ్ మెలాన్ అనే పండితుడు జర్మన్‌లో రాసిన కమానుల, వేలాడే వంతెనల సిద్ధాంత గ్రంథాన్ని ఇంగ్లీషులోకి అనువదించాడు. 1913లో అది అచ్చయింది. మెలాన్ సిద్ధాంతం సారాంశం ఇది: పెద్ద వంతెనలో తీగల బరువు, దారి బరువు కలిసి వంతెనను తామే నిలకడగా పట్టి ఉంచుతాయి, కాబట్టి దారిని బిగువుగా ఉంచే ఉక్కు చట్రం మరీ లోతుగా ఉండనక్కర్లేదు. చట్రం పలచబడితే ఉక్కు మిగులుతుంది, డబ్బు మిగులుతుంది. ఈ సిద్ధాంతాన్నీ గుర్తుంచుకోండి.

1914లో గుస్తావ్ లిండెంథాల్ అనే పెద్ద ఇంజనీరు పిలుపు మీద స్టైన్‌మన్ న్యూయార్కు తిరిగొచ్చాడు. ఈస్ట్ నది మీద హెల్ గేట్ రైలు వంతెన, వెయ్యి అడుగుల ఉక్కు కమాను, అప్పుడు కడుతున్నారు. ఆ ఆఫీసులో అతని పైన ఉన్న సహాయకుడు ఒత్మార్ ఆమన్. తర్వాతి రోజుల్లో జార్జ్ వాషింగ్టన్ వంతెన కట్టినవాడు ఆయనే. వీళ్లిద్దరి మధ్య పోటీ బతికినంతకాలం సాగింది. స్టైన్‌మన్‌కు పేరంటే మోజు, తన గురించి తాను చెప్పుకోవడంలో మొహమాటం లేదు. ఆయన్ని దేవుణ్ణి చేసి చూపించాలని నాకు లేదు. అవసరమూ లేదు.

1920 దాటాక హోల్టన్ రాబిన్సన్ అనే అనుభవజ్ఞుడితో కలిసి సొంత ఆఫీసు పెట్టాడు. మొదటి పెద్ద పని బ్రెజిల్‌లో వచ్చింది. ఫ్లోరియానోపోలిస్ అనే ద్వీప నగరాన్ని ప్రధాన భూమితో కలిపే వంతెన. అప్పటికే ఉన్న డిజైనును స్టైన్‌మన్ మార్చేశాడు. తీగల బదులు రెండు కొసలా కన్నాలున్న పొడవాటి ఉక్కు పట్టీల గొలుసు వాడి, నడిమి భాగంలో ఆ గొలుసునే చట్రానికి పై అంచుగా చేశాడు. తక్కువ ఉక్కుతో ఎక్కువ బిగువు. పదిహేనేళ్ల కింద గోధుమ పొలాల ఊళ్లో రాత్రిళ్లు కూర్చుని వేసిన పొదుపు లెక్కలకు అక్కడ మొదటిసారి కూలి గిట్టింది. 1926లో తెరిచిన ఆ వంతెన మధ్య దూరం 1,100 అడుగులకు పైనే. ఈ మధ్య, చాలా ఏళ్లు మూసి ఉంచి మరమ్మతు చేశాక, 2019 డిసెంబరులో మళ్లీ తెరిచారు.

ఆయన జీవితంలో నాకు చాలా ఇష్టమైన ఘట్టం 1929 నాటిది. రోడ్ ఐలండ్ రాష్ట్రంలో మౌంట్ హోప్ వంతెన దాదాపు పూర్తయింది. తీగలు లాగారు, దారి వేలాడదీశారు. అప్పుడు తీగల్లో కొన్ని పోచలు తెగి కనిపించాయి. ఆ పోచలు కొత్త రకం, వేడితో గట్టిపరిచినవి, కాగితం మీద పాత రకం కన్నా బలమైనవి. తెగినవాటి సంఖ్య చూస్తే కొద్దే. ఎవరైనా అతుకులేసి ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. వేలాడదీసిన దారిని విప్పేశారు, తీగలు మొత్తం దించేశారు, పాత నమ్మకమైన రకంతో కొత్తగా లాగారు. నెలల ఆలస్యం. చివరికి వంతెన తెరిచిన రోజు 1929 అక్టోబరు 24, న్యూయార్కు షేర్ మార్కెట్ కుప్పకూలడం మొదలైన రోజు. ఆ వంతెన నేటికీ వాడుకలో ఉంది. మా ఆఫీసులో సైటు నుంచి అనుమానపు రిపోర్టు వచ్చినప్పుడల్లా నాకు మౌంట్ హోప్ గుర్తొస్తుంది.

1931లో ఆరెగన్ రాష్ట్రపు పోర్ట్‌లండ్‌లో సెయింట్ జాన్స్ వంతెన కట్టాడు. చర్చి గోపురాల్లాంటి ఉక్కు గోపురాలు, ఆకుపచ్చ రంగు. తన వంతెనలన్నిటిలో ఆయనకు అదంటే ప్రత్యేకమైన ప్రేమ. 1934లో దేశంలోని వృత్తి ఇంజనీర్లందరికీ ఒక జాతీయ సంఘం స్థాపించి మొదటి అధ్యక్షుడయ్యాడు. అర్హత లేనివాళ్లు ఇంజనీరని బోర్డు కట్టుకోకుండా లైసెన్సు ఉండాలని పోరాడాడు.

ఇప్పుడు ఆ బీరువా కాగితాల సంగతి. హెన్రీ హడ్సన్ వంతెన పాతికేళ్ల పైగా చర్చల్లోనే నలిగింది. 1930ల్లో రాబర్ట్ మోజెస్ దాన్ని తలకెత్తుకున్నప్పుడు పని స్టైన్‌మన్‌కు వచ్చింది. విద్యార్థిగా ఏ చోట ఉక్కు కమాను గీశాడో, ఆ నది మీదే యాభయ్యో ఏట ఉక్కు కమాను కట్టాడు. 1936 డిసెంబరులో తెరిచారు. అప్పిచ్చినవాళ్లు ఒక్క అంతస్తుకే ఒప్పుకున్నారు. రెండోది తర్వాత వేసుకునేలా ముందే బలం పెట్టి ఉంచాడు. రాబడి బాగుండడంతో రెండేళ్లలో రెండో అంతస్తూ వేశారు. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టులు చివరికి చిత్తు కాగితాల కింద పోతాయని అనుకునే మాస్టార్లు మనలో ఉంటే, వారికి ఈ కథ అంకితం.

ఇంతవరకు విజయాలే. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది.

1938లో సెయింట్ లారెన్స్ నది మీద థౌజండ్ ఐలండ్స్ వంతెన, 1939లో మెయిన్ రాష్ట్రంలో డీర్ ఐల్ వంతెన కట్టాడు. రెండూ సన్నని నడుముతో అందంగా ఉంటాయి. రెండూ గాలికి ఊగాయి. మామూలు గాలికే దారి అలలాగా లేచి పడేది. దారికీ ప్రధాన తీగలకూ మధ్య వాలుగా అదనపు తీగలు కట్టి ఆ ఊపు తగ్గించాడు. మరుసటి ఏడు, 1940 నవంబరు 7న, వాషింగ్టన్ రాష్ట్రంలో టకోమా వంతెన కూలింది. అది స్టైన్‌మన్‌ది కాదు, లియాన్ మోయిసీఫ్ డిజైను. తెరిచి నాలుగు నెలలే. మధ్య దూరం 2,800 అడుగులు, దారి పక్కన గర్డరు లోతు 8 అడుగులు మాత్రమే. గంటకు 42 మైళ్ల గాలి. దారి అటూ ఇటూ మెలితిరిగి మెలితిరిగి తెగి నీళ్లలో పడింది.

ఆలోచించండి. చట్రం పలచగా ఉండవచ్చని ధైర్యమిచ్చింది మెలాన్ సిద్ధాంతం. దాన్ని ఇంగ్లీషులోకి తెచ్చింది స్టైన్‌మన్. సిద్ధాంతంలో తప్పు లేదు. బరువు విషయంలో అది చెప్పిందంతా నిజం. కాని గాలి వంతెనను పక్కకు నెట్టడమే కాదు, కిందికీ పైకీ ఊపి మెలితిప్పగలదన్నది ఆ లెక్కల్లో లేదు. గరిష్ఠ దూరం ఎంత అని యువకుడిగా వేసుకున్న ప్రశ్నకు జవాబు తీగ బలం ఒక్కదానిలోనే లేదని యాభై నాలుగో ఏట తేలింది.

అప్పుడాయన మళ్లీ విద్యార్థి అయ్యాడు. విమానాల వాళ్లు చదివే గాలి శాస్త్రం పట్టుకున్నాడు. ఏ ఆకారపు దారి గాలిలో ఊగుతుంది, ఏది ఊగదు అని ఏళ్లతరబడి లెక్కలు కట్టి పేపర్లు ప్రచురించాడు. గాలిని బరువుతో ఎదిరించడం కాదు, ఊపును పుట్టనీయకుండా గాలికి దారి ఇవ్వడం మేలన్నది ఆయన తేల్చిన సారం. 1945లో బ్రూక్లిన్ వంతెన కట్టిన రోబ్లింగ్ తండ్రీకొడుకుల జీవితచరిత్ర రాశాడు. 1948 నుంచి ఆ వంతెన పునరుద్ధరణ ఆయన చేతికే వచ్చింది. రైలు, ట్రాము పట్టాలు తీసి, చట్రాలు బలపరిచి, ఆరు వరుసల మోటారు దారిగా మార్చాడు. ఏ వంతెన కింద న్యూస్‌పేపర్లు అమ్మాడో ఆ వంతెనకే వైద్యుడయ్యాడు.

ఆయన నేర్చినదంతా మిషిగన్ రాష్ట్రంలో మాకినా జలసంధి మీద కనిపిస్తుంది. మిషిగన్, హ్యూరాన్ సరస్సులు కలిసే చోటు. రాష్ట్రం రెండు ముక్కలు. పడవల మీద కార్లు దాటించేవారు. వేట సీజనులో గంటలకొద్దీ బారులు. చలికాలం మంచుగడ్డలు, ఏడాదంతా గాలి. అక్కడ వంతెన నిలవదని చాలామంది నమ్మకం. 1954లో పని మొదలుపెట్టి 1957 నవంబరు 1న తెరిచారు. మొత్తం పొడవు 26,372 అడుగులు, అంటే దాదాపు ఐదు మైళ్లు. రెండు గోపురాల మధ్య 3,800 అడుగులు. మన రాజమండ్రి హేవలాక్ బ్రిడ్జిలో ఒక్కో గర్డరు 150 అడుగులు. అలాంటివి పాతిక వరుసగా పెట్టినంత దూరం మధ్యలో ఒక్క స్తంభం లేకుండా.

అక్కడ చట్రం లోతు 38 అడుగులు. టకోమాలో ఎనిమిదే. దారి వెడల్పు 48 అడుగులైతే చట్రాల మధ్య దూరం 68. అంటే దారికి రెండు పక్కలా పదేసి అడుగుల ఖాళీ. మధ్య రెండు వరుసలు గట్టి నేల కాదు, ఇనుప జాలీ. కింది నుంచి కొట్టే గాలి వాటిలోంచి పైకి పోతుంది. ఆ జాలీ మీద కారు నడిపినవాళ్లకు కింద నీళ్లు కనిపిస్తాయి, టైర్లు రొద చేస్తాయి. ఆ రొద వెనక టకోమా ఉంది, డీర్ ఐల్ ఉంది, ఐడహో రాత్రులు ఉన్నాయి. ఆ నిర్మాణంలో ఐదుగురు పనివాళ్లు ప్రాణాలు కోల్పోయారు. వాళ్లనూ తల్చుకోవాలి. వంతెన ప్రారంభమయ్యేనాటికి స్టైన్‌మన్‌కు డెబ్బై ఒకటి. 1960 ఆగస్టులో కన్నుమూశాడు.

ఇక జూనియర్ల ప్రశ్న. డాక్టరేటు దేనికి? స్టైన్‌మన్‌కు అది 1911లోనే వచ్చేసింది. ఆ పట్టా కాగితంతో ఆయనకు ఐడహోలో జీతం ఎంత పెరిగిందో నాకనవసరం. ఆయనకు దక్కినది ఒక ప్రశ్న. ఎంత దూరం పోవచ్చు అన్న ఆ ప్రశ్న 1957 దాకా ఆయన్ని వదల్లేదు. తన జవాబులో లోటుందని ప్రపంచం చూపించినప్పుడు మళ్లీ మొదటి నుంచి చదువుకునే అలవాటు కూడా దాంతోపాటే వచ్చింది. ఉద్యోగంలో రోజూ జవాబులే అడుగుతారు, అదీ సాయంత్రం ఐదుకల్లా. ప్రశ్నతో ఏళ్లు కాపురం చేయడం నేర్పేది చదువే.

నా థీసిస్ చిన్నది. పాత కాంక్రీటు బిల్డింగు మీద మరో అంతస్తు వేయవచ్చా అని మా ఆఫీసుకు వారానికొకరు వచ్చేవారు. ఆ పాత స్తంభంలో మిగిలిన బలం ఎంతో ఎలా తేల్చాలన్నదే నా విషయం. పట్టా వచ్చింది కాని ఆ పని అయిపోలేదు. ఇప్పటికీ ప్రతి పాత బిల్డింగు దగ్గరా కొత్తగా ఏదో తెలుస్తూనే ఉంది.

మన బడి పిల్లల్లో ఎందరో ఇప్పుడు ఉద్యోగాలు చేస్తూ చదువుకుంటున్నారని సంఘం సమావేశాల్లో వింటున్నాను. టీచర్లున్నారు, నర్సులున్నారు, బ్యాంకుల్లో ఉన్నవారున్నారు. వారికి నా సలహా ఒక్కటే. విషయం కోసం ఎక్కడికో వెళ్లి వెతక్కండి. మీ బల్ల మీదికి రోజూ వచ్చే పనిలో, ఎవరూ సరిగ్గా జవాబు చెప్పలేక దాటేస్తున్న ప్రశ్న ఏదో చూడండి. దాన్ని పట్టుకోండి. గైడు దొరకడం, ఫీజు కట్టడం, సెలవు పుట్టించడం కష్టమే. వాటికి దారి చెప్పడానికి నాబోటివాళ్లు ఈ సంఘంలో అరడజను మందైనా ఉన్నారు. మొహమాటపడకుండా అడగండి.